అంటారియో రెంట్ లిమిట్: పాత బిల్డింగ్‌లో ఉంటే 4 స్టార్లు, కొత్త కాండోలో ఉంటే సున్నా

కెనడా అంటారియోలోని మిస్సిసాగా వచ్చిన కొత్తలో మేం అద్దెకి తీసుకుంది కొత్త కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అన్నమాట), జిమ్ము, స్విమ్మింగ్ పూలు, లాబీలో ఇంత షాండ్లియరు, మా ఆవిడ చూడగానే ఓకే అనేసింది, నెలకి 2200 డాలర్లు. ఏడాది తిరిగేసరికి ఓనర్ నుంచి నోటీసు, ఇకనుంచి 2500 అని. నేనేమో ధీమాగా ఉన్నా, ఏడాదికి అద్దె పెంచడానికి గవర్నమెంట్ పెట్టిన లిమిట్ 2.5 శాతమే కదా, మహా అయితే 55 డాలర్లు పెంచుతాడు అని. తీరా చూస్తే 2018 నవంబర్ 15 తర్వాత మొదటిసారి జనం దిగిన ఇళ్ళకి ఆ లిమిట్ వర్తించదట!! కొత్త ఇళ్ళు ఎక్కువ కడతారని అంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డగ్ ఫోర్డ్ గవర్నమెంట్ ఇచ్చిన మినహాయింపు అది. 90 రోజుల ముందు చెప్పాలి, 12 నెలలకి ఒక్కసారే పెంచాలి, అంతవరకే రూలు, ఎంత పెంచాలన్నది ఓనర్ ఇష్టం.

సరే అని 1970ల నాటి బిల్డింగ్‌కి మారిపోయాం. లిఫ్ట్ ఎక్కితే ఓ కునుకు తియ్యొచ్చు, లాండ్రీకి బేస్‌మెంట్‌లోకి బుట్ట మోసుకుపోవాలి. కానీ 2100 అద్దె మీద 2025లో పెరిగింది 52.50, 2026 లిమిట్ 2.1 శాతం కాబట్టి ఈసారి 45.20. ఎన్‌1 ఫారం (అద్దె పెంపు నోటీసు) రాగానే కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నా, సెంటు తేడా లేదు. హైదరాబాద్‌లో మా ఓనర్ అంకుల్ 11 నెలల అగ్రిమెంట్ అవగానే టీ ఇచ్చి మరీ 10 శాతం పెంచేవాడు, ఇక్కడ టీ లేదు గానీ లెక్క పక్కా.

ఒక స్టార్ ఎందుకు కోసానంటే, మనం ఖాళీ చేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి ఓనర్ ఎంతైనా చెప్పొచ్చు. మా పక్కింట్లో అచ్చం మా ఇల్లే, కొత్తగా దిగినవాళ్ళు 2600 కడుతున్నారు. పిల్లాడికి ఇంకో గది కావాలి, కానీ కదిలితే మళ్ళీ మార్కెట్ రేటే, ఇరుక్కుపోయాం అన్నమాట.

ఇంకోటి, పెద్ద రిపేర్లు చేయిస్తే లిమిట్ దాటి పెంచుకుంటామని ఓనర్లు అద్దె తగాదాలు చూసే బోర్డుకి అప్లై చేసుకోవచ్చు, ఏడాదికి అదనంగా 3 శాతం, మొత్తం 9 దాకా. మా బిల్డింగ్ ఓనర్లు బాల్కనీల పేరు చెప్పి అప్లై చేశారు. బాల్కనీలు నిజంగానే బాగు చేశారు, అది మాత్రం ఒప్పుకోవాలి.