పాల కాఫీకి స్టీలు ఫిల్టరా, కరెంటు మిషనా?

హనుమకొండలో పొద్దున ఎవరింటికి వెళ్లినా చాయే ఇస్తారు. కాఫీ అంటే చాలామందికి ఇన్‌స్టంట్ పొడే. అలాంటి ఊళ్లో రెండేళ్లు స్టీలు ఫిల్టర్, డ్రిప్ మిషన్ రెండూ వాడి చూశాను.

మీరు పాలు పోసుకుంటారా, లేదా? ముందు అది తేల్చుకోండి. మిషన్‌లో వేడినీళ్లు పొడి మీద నుంచి నాలుగైదు నిమిషాల్లో దిగిపోతాయి. కాగితం ఫిల్టర్ పెడితే పొడిలోని నూనె కూడా చాలావరకు అందులోనే ఆగిపోతుంది. కాఫీ తేటగా, తేలిగ్గా వస్తుంది. బ్లాక్ కాఫీకి అదే కావాలి. అందులో గేదె పాలు పోశారంటే మాత్రం మిగిలేది కాఫీ రంగు పాలే.

స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ చుక్కచుక్కగా దిగడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. మూడు చెంచాల పొడికి చిన్న గ్లాసుడు నీళ్లే కాబట్టి ఎన్ని పాలైనా తట్టుకుంటుంది. పొడిలో చికోరీ (వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు) ఉంటే ఇంకా చిక్కన. 49 శాతం దాకా కలపొచ్చని నిబంధన, ఎంత కలిపారో ప్యాకెట్ మీదే ఉంటుంది. నాకైతే ఇరవై దాటితే చేదు. పొడి మరీ మెత్తనైనా, పైన పొడిని అదిమే గొడుగులాంటి బిళ్లను గట్టిగా నొక్కినా డికాక్షన్ దిగనే దిగదు. ఆఫీసు టైంకి గిన్నె తట్టుకుంటూ నిలబడటం పెద్ద టెన్షన్. అందుకే రాత్రే పోసి పడుకుంటాను.

మిషన్‌ను అసలు దెబ్బ తీసింది మా బోరు నీళ్లు. గిన్నెల అడుగున కట్టే తెల్లటి పొరే దాని గొట్టంలోనూ కట్టింది. ఎనిమిది నెలలకు నీళ్లు ఎక్కడం మందగించింది. నిమ్మఉప్పు కలిపిన నీళ్లు రెండుసార్లు తిప్పితే దారికొచ్చింది. స్టీలు ఫిల్టర్ రంధ్రాలు మూసుకుపోతే స్టవ్ మంట మీద కాస్త కాల్చి బ్రష్‌తో తోమితే సరి.

గింజలు తనే పొడి చేసుకుని, ఒత్తిడితో కాఫీ దింపే పెద్ద మిషన్లూ ఉన్నాయి. పాల కాఫీలో ఫిల్టర్‌కు నిజంగా పోటీ అవే. కానీ ధర అర లక్ష చుట్టూ. మా ఇంటికి అంత అక్కర్లేదు.

మా డ్రిప్ మిషన్ ఇప్పుడు కాజీపేటలో బావ దగ్గరుంది. ఆయనకు షుగర్, పాలూ చక్కెరా లేకుండా రోజుకు మూడు కప్పులు తాగుతాడు. క్యాన్ నీళ్లే పొయ్యమని మరీమరీ చెప్పి ఇచ్చాను.