“డోనర్ ఖర్చంతా ప్యాకేజీలోనే” అన్న మాట నమ్మకండి

వైజాగ్‌లో ఒక ఆసుపత్రి కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ (మార్పిడి) ప్యాకేజీ గురించే ఇది. పేరెందుకు, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి నుంచి డయాలసిస్‌కి తిరిగేవాళ్ళందరికీ తెలిసిందే. కౌన్సెలింగ్‌లో నోటితో “అంతా ఇందులోనే” అంటారు. కాగితం మీద మాత్రం దాత లెక్క డిశ్చార్జి రోజుతో సరి.

కెమెరా ఆపరేషన్ (లాపరోస్కోపీ) అయినా కిడ్నీ బయటికి తియ్యడానికి పొత్తికడుపు మీద కోత పెడతారు. చీము పడితే ఎక్కువగా అక్కడే. అన్నకి కిడ్నీ ఇచ్చిన తమ్ముడు జొరంతో, ఆ కుట్లు పట్టుకుని మళ్ళీ వెళ్తే బిల్లింగ్ కౌంటర్లో తలెత్తకుండానే చెప్పిన జవాబు: “మా పేషెంట్ మీ అన్నగారండీ, మీరు కాదు. కొత్తగా ఓపీ రాయించుకుని అడ్వాన్సు కట్టండి.” ఆహా! కిడ్నీ తీసేదాకా మాత్రం “హీరో అండీ మీరు” అన్నారు. నిలబడలేక గోడకి ఆనుకున్న మనిషికి కుర్చీ కూడా చూపించలేదు.

ఇన్సూరెన్సూ అదే బాపతు. కిడ్నీ తీసుకునే గ్రహీత పాలసీలో “దాత ఖర్చు” అని ఉంటుంది. చాలా పాలసీల్లో అది కిడ్నీ తీసే అడ్మిషన్ వరకే. ముందు దాతకి చేసే హెచ్‌ఎల్‌ఏ, క్రాస్‌మ్యాచ్ (ఇద్దరికీ సరిపోతుందో చూసే రక్తపరీక్షలు), డీటీపీఏ స్కాన్ (కిడ్నీ పనితీరు), సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాలు), తర్వాత వచ్చే కాంప్లికేషన్లు మినహాయింపుల పేజీలో చిన్నక్షరాల్లో ఉంటాయి.

ఇక కూలి. కనీసం 6 వారాలు బరువులెత్తకూడదు. సెంట్రల్ ఉద్యోగికి 42 రోజుల ప్రత్యేక సెలవుంది, తాపీ పనివాడికి ఎవడిస్తాడు? పైగా అన్న దగ్గర డబ్బు తీసుకుంటే కిడ్నీ అమ్ముకున్నట్టేనని చుట్టాలే బెదిరిస్తారు. తప్పు. 1994 అవయవమార్పిడి చట్టం అవయవానికి ధర కట్టడాన్నే నిషేధించింది. ఇచ్చినందువల్ల దాతకి అయిన ఖర్చు, పోయిన సంపాదన అందులోకి రావు. రసీదులు పెట్టుకుని అడగండి.

ఆపరేషన్ ఆంధ్రాలో, ఆధార్ ఒడిశాలో అయితే మన తహసీల్దారు దగ్గర నివాస ధృవీకరణ ముందే మొదలెట్టండి. బావమరిది, మేనమామ చట్టం లెక్కలో దగ్గరి బంధువులు కారు, వాళ్ళిస్తే ఆథరైజేషన్ కమిటీ (ఇలాంటి దానాలని పరిశీలించే అధికారిక కమిటీ) అనుమతి కావాలి.

సంతకానికి ముందు, డిశ్చార్జి తర్వాత దాతకి ఎన్నాళ్ళు ఉచితంగా చూస్తారో కాగితం మీద రాయించుకోండి. అన్నట్టు, దాతలు ఒంటినొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అడిగి మింగొద్దు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), యూరిన్ ప్రొటీన్ చూపించుకోవాలి, ఆ ఖర్చూ మీదే.