పొగతోట మానసిక వైద్యశాలలో ఈటింగ్ డిజార్డర్‌కు చికిత్స: మంచీ చెడూ

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులకు కొదవ లేదు కానీ, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతను ‘వయసు పిల్లల మొండితనం’ అని కొట్టిపారేయని చోటు దొరకడం కష్టం. డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్న మా అన్నయ్య కూతురికి చాలాకాలం గ్యాస్ట్రిక్ మాత్రలే రాసిచ్చారు. పళ్ల మీద ఎనామిల్ లోపలివైపు అరిగిన తీరు చూసి, తరచూ వాంతి చేసుకుంటున్నావా అని మొదట అడిగింది ఒక దంతవైద్యురాలు. ఆవిడ సలహా మీదే ఈ వైద్యశాలకు వెళ్లాము. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందున దీని పేరు రాయడం లేదు; మిగిలినదంతా అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను.

డాక్టరుగారు ముందుగా రక్తంలో పొటాషియం పరీక్ష, ఈసీజీ రాశారు. వాంతుల వల్ల పొటాషియం తగ్గితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందని, బరువు మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని వివరించారు. రోగనిర్ధారణను ఆయన ఓపికగా విడమరిచిన తీరు నాకు బాగా నచ్చింది. బరువు బాగా తగ్గిపోయి, పెరుగుతానేమోనన్న భయం వదలకపోతే అనొరెక్సియా. అలాంటివారు వాంతులు చేసుకుంటున్నా అది అనొరెక్సియాలోనే ఒక రకం. బరువు అంతగా తగ్గకుండా, అదుపు లేకుండా తినడం, ఆపైన వాంతులతోనో ఉపవాసాలతోనో సరిచేయాలని చూడడం వారానికి ఒకసారైనా మూడు నెలలపాటు సాగితే బులీమియా. అలా సరిచేసే ప్రయత్నమేదీ లేకుండా అతిగా తినడం ఒక్కటే ఉంటే బింజ్ ఈటింగ్. అమెరికన్ వైద్యుల వర్గీకరణలో దానికి విడిగా స్థానం దక్కింది 2013లోనే. మా అమ్మాయిది బులీమియా అని తేలింది.

నయమవుతుందా అని మా వదిన అడిగితే ఆయన ఉత్త ధైర్యం చెప్పి పంపలేదు. అమెరికాలోని బోస్టన్‌లో రోగులను ఇరవై ఏళ్లకు పైగా గమనించిన అధ్యయనం గురించి చెప్పారు. దాని ప్రకారం బులీమియా ఉన్నవారిలో సుమారు 68 శాతం తొమ్మిదేళ్ల నాటికే కోలుకున్నారు, ఇరవై రెండేళ్ల నాటికీ అదే శాతం. అనొరెక్సియాలో మాత్రం తొమ్మిదేళ్లకు 31 శాతమే కోలుకున్నా, ఇరవై రెండేళ్లకు అది 63 శాతానికి చేరింది. అంటే ఆలస్యమైనంత మాత్రాన ఆశ వదులుకోనక్కర లేదన్నమాట. మధ్యలో తిరగబెట్టవచ్చని, అప్పుడు అమ్మాయిని తప్పుపట్టవద్దని కూడా అప్పుడే హెచ్చరించారు.

కౌన్సెలింగు దాదాపు ఇరవై సిట్టింగుల పద్ధతిలో సాగుతుంది. ఏ వేళకు, ఎక్కడ, ఏమి తిన్నదీ, అప్పుడు మనసులో ఏముందీ ఒక చిన్న నోటుబుక్కులో అప్పటికప్పుడే రాయించారు. అది చూశాకే మాకు అర్థమైంది: పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం నాలుగు ముద్దలతో సరిపెట్టుకున్న రోజుల్లోనే రాత్రి పూట అదుపు తప్పుతోంది. అందుకని మూడు పూటలా భోజనం, నడుమ చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం అన్న నియమం పెట్టారు. ఆదివారం ఇంట్లో చేపల పులుసు వండితే అన్నంతో సహా అందరితోపాటే తినాలన్నారు (నెల్లూరు వాళ్లకు ఇంతకంటే తేలికైన మందు ఉండదు కానీ, ఆ అమ్మాయికి మొదట్లో అదే కష్టమైంది).

ఇక లోపాలు. బరువు తూచే యంత్రం రిసెప్షన్ పక్కనే ఉండేది. అక్కడి ఉద్యోగి అంకెను పైకి చదివి రాసుకునేవారు. ఈ జబ్బుతో వచ్చినవారికి అంతకు మించిన శిక్ష లేదు. అడిగిన మీదట దానిని లోపలికి మార్చారు. డైటీషియన్ ఇచ్చిన కాగితం షుగరు రోగులకూ, ఊబకాయులకూ ఇచ్చేదే: అన్నం తగ్గించి ఓట్స్ తినమని ఉంది. లోపల డాక్టరుగారు చెప్పినదానికి అది పూర్తిగా విరుద్ధం. ఆయనకు చూపిస్తే కొట్టేశారు కానీ, చూపించనివారి సంగతేమిటి?

పడకల సౌకర్యం లేదు కాబట్టి బరువు ప్రమాదకరంగా పడిపోయినవారిని చెన్నై పంపిస్తారు. అటువంటివారు ఇక్కడ కాలయాపన చేయకపోవడమే మేలు. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవారికైతే నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. కావలి, ఒంగోలు వైపు నుంచి వెంటనే రాలేనివారు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.