లేఓవర్‌లో అద్దె క్యాబిన్ నిద్ర: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

డాలస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి దాదాపు ఏటా వెళ్లొచ్చే మాలాంటి వాళ్లకి ముందే చెప్పేస్తున్నా. మధ్యలో విమానం మారడానికి ఆరేడు గంటల వ్యవధి (లేఓవర్) ఉంటే, దుబాయ్ ఎయిర్‌పోర్టులో గంటల లెక్కన అద్దెకిచ్చే నిద్ర క్యాబిన్ తీసుకోండి. డబ్బు దండగ కాదు. నాలుగు గంటల లోపైతే మాత్రం వద్దు.

గుంటూరు వాళ్ల ప్రయాణం విమానంతో మొదలవదు కదా. సాయంత్రం బ్రాడీపేటలో కారెక్కి, పిడుగురాళ్ల మీదుగా శంషాబాద్ చేరేసరికి అర్ధరాత్రి. విమానమేమో తెల్లవారుజామున. దుబాయ్‌లో దిగేటప్పటికే ఒక రాత్రి నిద్ర పాడైపోయింది. అక్కణ్ణుంచి డాలస్ ఇంకో పదహారు గంటలు. మధ్యలో ఎక్కడో ఒకచోట నడుం వాల్చకపోతే, దిగాక మనవడిని ఎత్తుకునే ఓపిక కూడా ఉండదు.

ఒక్కరికైతే పాడ్ (ఒక్క మనిషి పట్టే చిన్న గూడు), ఇద్దరికైతే చిన్న గది. పాడ్‌లో సీటునే పరుపులా చాపుకోవచ్చు, షట్టర్ లాగితే చీకటి. మెత్తగా ఉందా, దుప్పటి బాగుందా అని అడుగుతారు గానీ నా దృష్టిలో అసలు సుఖం అది కాదు. బయట కుర్చీలో సంచి పట్టా మోచేతికి చుట్టుకుని తీసే కునుకులో సగం బుర్ర కాపలా కాస్తూనే ఉంటుంది. పాస్‌పోర్టు ఉందా, బీపీ మందులు ఉన్నాయా, అమ్మాయికిచ్చే గొలుసు ఉందా అని నిమిషానికోసారి తడుముకోవడమే. పాడ్‌లో సంచి తల పక్కన పెట్టి, షట్టర్ వేసి, దాని మీంచి చెయ్యి తీసేస్తాం. ఆ చెయ్యి తీసెయ్యడానికే నేను డబ్బు కడుతున్నాను.

చప్పుడు మాత్రం ఆగదు. పక్క పాడ్‌లో ఫోన్ వైబ్రేషన్‌లో మోగినా మన తల కిందే మోగినట్టుంటుంది. ఏసీ గాలి సూటిగా మొహం మీదికి కొడుతుంది, కాబట్టి శాలువా, చెవుల్లో పెట్టుకునే దూది తప్పనిసరి. ఇద్దరం వెళ్లినప్పుడు గదే తీసుకుంటాం. మా ఆవిడ మోకాళ్లకి పాడ్ ఇరుకు.

ఎన్ని గంటలు తీసుకోవాలంటే, మూడు. నిద్ర దాదాపు తొంభై నిమిషాల విడతలుగా నడుస్తుంది. గాఢనిద్ర మధ్యలో లేస్తే అరగంట దాకా తల దిమ్ముగానే ఉంటుంది. రెండు గంటలే తీసుకుంటే కౌంటర్ దగ్గరా, సర్దుకోవడానికీ పోయేది పోగా ఆ మధ్యలోనే లేవాల్సి రావచ్చు.

అలారం సంగతి గట్టిగా చెబుతున్నా. దుబాయ్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్‌కి మైకులో పిలవరు. మన పేరు ఎవరూ అరవరు. ఫోన్ నెట్‌వర్క్ పట్టుకోకపోతే గడియారం మన టైమే చూపిస్తుంది, అక్కడి కంటే గంటన్నర ముందు. కాబట్టి వైఫై కలిపి టైము సరిచూసుకున్నాకే అలారం పెట్టుకోండి. కాంకోర్సు (గేట్లుండే భవనం) మారాల్సి రావచ్చు, అమెరికా విమానాలకి గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది. విమానానికి రెండు గంటల ముందు లేస్తేనే నింపాదిగా నడవగలం.

బుక్ చేసేముందు క్యాబిన్ ఇమిగ్రేషన్‌కి ఇవతల ఉందా, అవతల ఉందా అడగండి. ఇంకో దేశపు ఎయిర్‌పోర్టులో డబ్బు కట్టి వెళ్తే, తీరా అది అవతల ఉంది. ట్రాన్సిట్‌లో ఉన్నవాళ్లం, వీసా లేకుండా ఎలా పోతాం? బుకింగ్ పేజీలో ఆ ముక్క లేదు, డబ్బూ తిరిగి ఇవ్వలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. వ్యవధి మరీ ఎక్కువైతే కొన్ని విమాన సంస్థలు హోటల్ గది ఇస్తాయి. ఆ మాట టికెట్ కొనేటప్పుడే కనుక్కోవాలి.

తిరుగు ప్రయాణంలో ఇప్పుడు క్యాబిన్ తీసుకోవడం మానేశాం. డాలస్ నుంచి వచ్చేటప్పుడు పద్నాలుగు, పదిహేను గంటలు విమానంలోనే కూర్చుంటాం, నిద్ర ఎంతో కొంత అక్కడే అయిపోతుంది. దుబాయ్‌లో మళ్లీ పడుకుంటే గుంటూరు చేరాక రాత్రంతా మెలకువే. షవర్‌కి మాత్రం డబ్బు కట్టి స్నానం చేసి, చీరా చొక్కా మార్చుకుని, కాస్త ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తాం.