ఎక్స్‌టెన్షన్ ట్యూబులు: ఇంట్లోకైతే కొనండి, వీధిలోకైతే వద్దు

లెన్స్‌కీ కెమెరా బాడీకీ మధ్య బిగించే బోలు రింగులివి. లోపల గాజు ముక్క కూడా ఉండదు, ఉత్త గాలే. నేను తీసుకున్న సెట్టులో మూడు రింగులున్నాయి: 12, 20, 36 మిల్లీమీటర్లు. బ్రాండు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకంలో ఏది కొన్నా చేసే పని ఒకటే, తేడా అంతా బిగువులోనూ కాంటాక్టుల్లోనూ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య సంకేతాలు మోసే లోహపు చుక్కలు) ఉంటుంది.

రోజూ చూసే ఇంట్లో కొత్తగా ఏం తీస్తాం అని కెమెరాని బీరువాలో పెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే ఖరీదైన మాక్రో లెన్స్ కంటే ముందు దీన్నే చెబుతాను. లెన్స్ సెన్సర్‌కి (కెమెరా లోపల బొమ్మ పడే పలక) దూరం జరిగేకొద్దీ మరింత దగ్గరి వస్తువు ఫోకస్ అవుతుంది, అంతే కిటుకు. ట్యూబ్ పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకె) భాగిస్తే అదనంగా ఎంత మాగ్నిఫికేషన్ (అసలు వస్తువుతో పోలిస్తే సెన్సర్ మీద పడే బొమ్మ సైజు) వస్తుందో తెలుస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కి 12 రింగు వేస్తే 0.24, 36 వేస్తే 0.72. అదే 36 రింగుని 200 ఎంఎంకి వేస్తే 0.18 మాత్రమే, కాబట్టి దూరంవాటిని దగ్గరగా చూపించే టెలీ జూమ్ ఉందని ఆశపడకండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ని 18 ఎంఎం దగ్గర పెట్టి వేస్తే ఇంకో తంటా, వస్తువు దాదాపు ముందు గాజుకి తగిలితే గానీ ఫోకస్ దొరకదు. 50 ఉంటేనే కొనండి, లేకపోతే ముందు అది కొనుక్కోండి.

పెద్ద రింగు చూసి మురిసిపోతాం గానీ ఎక్కువగా వాడేది చిన్నదే. ఇనుప గేటు గడియ దగ్గర పెచ్చులూడిన రంగుని 12తో చూడండి. పైన నీలం, దాని కింద ఎప్పుడో వేసిన ఆకుపచ్చ, ఆ కింద ఎర్రటి ప్రైమరు, అడుగున తుప్పు, అంచులన్నీ మ్యాపు గీసినట్టు విడివిడిగా కనిపిస్తాయి. ఆ గడియని రోజుకి పదిసార్లు పట్టుకుంటాం, ఇన్ని రంగులున్నాయని ఎవరికి తెలుసు! పళ్లు విరిగిన దువ్వెన, స్వెటర్ అల్లిక, కిటికీ గాజు మీద చుక్కలో తలకిందులుగా కనిపించే ఎదురిల్లు, ఇలా మొదలుపెడితే ఆపలేం.

గిన్నెలు తోమేటప్పుడు సింకులో లేచే నురగని 36తో తీయాలి. బుడగ మీద రంగులు పైనుంచి కిందికి జారుతుంటాయి, ఎందుకంటే నీరు కిందికి దిగి పైభాగం పలచబడుతూ ఉంటుంది. బాగా పలచనయ్యాక పైన రంగులన్నీ పోయి నల్లటి మచ్చ వస్తుంది. పొర రెండు వైపుల నుంచీ తిరిగొచ్చే వెలుగు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది కాబట్టి అక్కడ నల్లగా కనబడుతుంది. మచ్చ కనిపించిందా, వెంటనే నొక్కేయండి, ఎక్కువసేపు నిలవదు.

ఇక ఇబ్బందులు. వెలుతురు బాగా తినేస్తుంది. మాగ్నిఫికేషన్ 0.9 దగ్గర f/8 (లెన్స్ రంధ్రం ఎంత తెరిచామో చెప్పే అంకె, అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది) పెడితే సెన్సర్‌కి చేరే వెలుతురు f/15 కింద లెక్క, అంటే దాదాపు రెండు స్టాపులు పోయినట్టే, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. పైగా వస్తువుకి అంత దగ్గరగా వెళ్లేసరికి లెన్స్ నీడే దాని మీద పడుతుంది. ట్యూబ్‌లైటు కింద కుదరదు, కిటికీ పక్కకి చేరాల్సిందే. అదేమీ నష్టం కాదనుకోండి. చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీనే మళ్లీ మళ్లీ తీశాడు. యుద్ధకాలంలో బయట కెమెరా పట్టుకుని తిరగడం కష్టమైనప్పుడు మొదలుపెట్టిన పని, యుద్ధం అయిపోయాక కూడా వదల్లేదు. ఒక్క కిటికీకే అన్నేళ్లు పట్టిందంటే మన ఇల్లు అంత తొందరగా అయిపోదులెండి.

ఆటోఫోకస్‌ని నమ్ముకోవద్దు, అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది. మాన్యువల్‌లో పెట్టి, ఫోకస్ రింగు తిప్పడం మానేసి, మనమే కాస్త ముందుకీ వెనక్కీ ఊగడం సులువు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ట్రైపాడ్ వాడండి.

వీధిలోకి ఎందుకు వద్దన్నానంటే, 50 లెన్స్‌కి 12 రింగు తగిలించాక జానెడు దూరం దాటిందంటే అంతా మసకే. గోడ మీద పిల్లి కనిపించి, మీరు లెన్స్ ఊడదీసి, రింగు తీసి, మళ్లీ లెన్స్ బిగించేలోపు పిల్లి పక్క వీధిలో ఉంటుంది. గోడల మీద చిరిగిన పోస్టర్లు, చెట్టు బెరడు లాంటి కదలనివాటికైతే సరే, మనుషులనీ జంతువులనీ తీయాలంటే దీన్ని ఇంట్లో వదిలేసి ఉత్త 50తో వెళ్లడమే నయం. బయట రింగులు మార్చేటప్పుడు సెన్సర్ మీద దుమ్ము పడుతుందన్న టెన్షన్ ఒకటి అదనం.

మరీ చవకవి కాంటాక్టులు లేకుండా వస్తాయి. వాటితో కెమెరాకీ లెన్స్‌కీ మాటలుండవు, ఇప్పటి లెన్సులు చాలావాటిలో అపర్చర్ (ఆ f అంకె చెప్పే లెన్స్ రంధ్రం) మార్చడానికి దారి ఉండదు. అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ ఉంటే అవే హాయిగా సరిపోతాయి. నా సెట్టుకి కాంటాక్టులున్నాయి గానీ మూడూ కలిపి బిగిస్తే కాస్త ఊగుతుంది, అప్పుడప్పుడు ఎర్రర్ చూపిస్తుంది. లోపలి గోడ మెరుస్తుంటే ఫొటో మధ్యలో తెల్లటి పొగలాంటి మరక వస్తుంది, నల్ల వెల్వెట్ కాగితం చుట్టి అంటిస్తే పోతుంది. కొనేటప్పుడు లైటు వేసి రింగు లోపల ఒకసారి చూడండి, ఆ పని కూడా తప్పుతుంది.