డాబాకి తెల్ల పెయింట్: ఏడు వేసవులు చూశాక

విశాఖ కంచరపాలెంలో మాకో మేడ ఉంది. కింద ఒక పోర్షన్, పైన రెండు, మూడూ అద్దెకే. పడమటి వైపు పెద్ద బాదం చెట్టు ఉన్నంతకాలం ఎండ సంగతి మేం పట్టించుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాన్ని వేళ్ళతో సహా పడగొట్టింది. ఆ మరుసటి వేసవి నుంచి పై పోర్షన్లు పెనాలైపోయాయి. ఏటా ఏప్రిల్ నెలాఖరుకి ఎవరో ఒకరు ఖాళీ చేయడం, నేను మే ఎండలో నిచ్చెనెక్కి టూ-లెట్ బోర్డు కట్టడం. ఒకావిడ తాళాలిస్తూ అంది: "పగలంటే ఎలాగో పడుంటాం బాబాయ్ గారూ. రాత్రి రెండింటికి కూడా ఆ స్లాబు కింద పడుకోలేకపోతున్నామండీ."

ఆవిడ అన్నది నిజమే. కాంక్రీటు స్లాబు పగలంతా వేడి తాగి, పొద్దుపోయాక గదిలోకి కక్కుతుంది. ఫ్యాను ఆ వేడినే మంచం మీదికి తోస్తుంది. మొదట రెండేళ్ళు సున్నం కొట్టించాను. చవకే, పని కూడా చేస్తుంది. కానీ దసరా నాటికి వానలన్నీ కలిసి దాన్ని తూములోంచి కాలవలోకి పంపేసేవి. చివరికి 2019 మార్చిలో కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండని వెనక్కి కొట్టే తెల్ల పెయింట్, వేయించాను.

అప్పుడు చేతిలో ఉన్న డబ్బు సగం డాబాకే సరిపోయింది. అదే మంచిదైంది. తూర్పు పోర్షన్ మీద పెయింట్, పడమటి పోర్షన్ మీద పాత స్లాబు. రెండిళ్ళలోనూ ఒకే రకం గోడ థర్మామీటర్లు తగిలించాను. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి చూస్తే రెంటికీ మూడు డిగ్రీల దాకా తేడా వచ్చింది. థర్మామీటర్ నమ్మనివాళ్ళు చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే చాలు. తెలుపు మీద నిలబడగలిగాను, గీత దాటి పాత స్లాబు మీద కాలు పెట్టగానే చుర్రుమంది. తర్వాతి ఏడాది రెండో సగానికీ వేయించాను.

ఇక్కడితో ఆపితే ఇది దుకాణంవాడి మాటలా ఉంటుంది. అసలు సంగతి రెండో వేసవిలో తెలిసింది. తూర్పు పోర్షన్‌లో పెయింట్ వల్ల వచ్చిన చల్లదనం బాగా తగ్గిపోయింది. పెయింట్ పాడైందేమో అనుకుని పైకెళ్తే, తెలుపు కాస్తా బూడిదరంగు అయింది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము గురించి కంచరపాలెం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆరేసిన బట్టలే చెబుతాయి. దానికి తోడు వానాకాలపు పాచి. ఎండని వెనక్కి కొట్టేది ఆ తెల్లదనమే కదా, అది మాసిపోతే మామూలు స్లాబే. సర్ఫు నీళ్ళతో, కొబ్బరి చీపురుతో ఒక పూటంతా తోమించాను. తేడా మళ్ళీ కనిపించింది. అప్పటి నుంచి ఏటా ఉగాదికి ముందు ఒకసారి, సింహాచలం చందనోత్సవం నాటికి ఇంకోసారి కడిగిస్తున్నాను. పోర్టు దుమ్ము పడే బురుజుపేట, జ్ఞానాపురం లాంటి చోట్ల ఇళ్ళున్నవాళ్ళు ఈ కూలి ఖర్చు కూడా లెక్కేసుకున్నాకే డబ్బా కొనాలి.

నా తప్పులూ ఉన్నాయి. తూము దగ్గర స్లాబుకి సరైన వాటం (వాలు) లేదు, వాననీళ్ళు నిలిచేవి. అది సరిచేయకుండానే పెయింట్ వేయించాను. సరిగ్గా అక్కడే మూడో ఏడు బుడగలు లేచి పెచ్చులుగా ఊడింది. మొదటిసారి వచ్చిన పెయింటరు నేను టీకి వెళ్ళొచ్చేలోపు నీళ్ళు బాగా కలిపేశాడని కూడా నా అనుమానం. 2023లో వాటం సరిచేయించి, పగుళ్ళు పూడ్పించి, వైర్ బ్రష్‌తో గీకించి, ప్రైమర్ మీద రెండు పూతలు దగ్గరుండి వేయించాను. తొమ్మిది వందల చదరపు అడుగులకి ఇరవై లీటర్ల డబ్బాలు రెండు పట్టాయి. ఆ పని ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఉక్కపోతకి మాత్రం ఇది పనిచేయదు. విశాఖ వేసవిలో సగం బాధ చెమటదే, గాలి ఆగిన రాత్రి ఏ పెయింటూ ఆదుకోదు. ఏసీ ఉన్న కుటుంబం మాత్రం గది ఇదివరకటికంటే తొందరగా చల్లబడుతోందని చెప్పింది. (ఏసీ తెచ్చుకుంటామంటే ముందు వైరింగ్, ఎర్తింగ్ చూపించండి. మా పాత సాకెట్ ఒకటి కరిగిపోయాకే నేను చూపించాను.)

తడిస్తే ఈ డాబా జారుతుంది. మొదటి వానకి బట్టలు తీయడానికి పరిగెత్తిన పిల్లాడు పడ్డాడు, అదృష్టం బాగుండి మోచెయ్యి గీరుకోవడంతో పోయింది. ఇప్పుడు మెట్ల నుంచి బట్టల తీగ దాకా పెయింట్ మీద ఇసుక కలిపిన పట్టీ వేయించాను. వడియాలు పెట్టేవాళ్ళు ఈ తెలుపు మీద కళ్ళు తెరవలేకపోతున్నామని పిట్టగోడ నీడకి జరిగారు. ఎదురు మేడలో రెండో అంతస్తువాళ్ళు మా డాబా వెలుగు తమ హాల్లో పడుతోందని కిటికీకి తెర కట్టుకున్నారు, రెండు నెలలు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

మిగిలిన పెయింట్‌ని నల్లటి ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుకి పూశాను. ప్లాస్టిక్ మీద అది ఏడాది కూడా నిలవలేదు. చివరికి ట్యాంకు మీద పందిరి వేసి ఆకుపచ్చ నెట్ కట్టించాక, మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలడం తగ్గింది. ఖర్చు చూస్తే డాబా కంటే ముందు ఇదే చేయాల్సింది.

2020 నుంచి ఎండాకాలంలో పై పోర్షన్ ఒక్కసారే ఖాళీ అయింది, అదీ వాళ్ళకి బదిలీ వచ్చి. రెండు నెలల అద్దె పోకుండా ఉంటే పెయింట్ డబ్బు వచ్చేసినట్టే. అందుకే పెచ్చులూడినా మళ్ళీ అదే వేయించాను.

ఇప్పుడు గోల కింది పోర్షన్ నుంచి మొదలైంది. "పైవాళ్ళకే చేయించారు, మా పడమటి గది సంగతేంటి అంకుల్?" అంటున్నారు. ఆ గోడకి ఇప్పటికైతే వెదురు తడికలు కట్టించాను. చెట్టు పోయిన గుంటలో వేప మొక్క కూడా పెట్టాను, ఇంకా కిటికీ దాకా రాలేదు.