24 పుస్తకాలు, రోజుకో పేజీ: ఏడాది వాడాక నా సమీక్ష

2025 జనవరిలో రెండు లక్ష్యాలు పెట్టుకున్నాను. ఏడాదిలో 24 పుస్తకాలు చదవాలి, రోజూ ఒక పేజీ రాయాలి. మొదటిదానికి ఫోన్లో పుస్తకాల యాప్, రెండోదానికి తేదీలు అచ్చేసిన డైరీ. మిక్సీలకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తాం కదా, ఏడాది పొడుగునా వాడిన వీటికి మాత్రం ఎందుకు రాయకూడదు? ముందే చెప్పేస్తాను. రాసే లక్ష్యం బాగా పనికొచ్చింది, ఈ ఏడూ కొనసాగిస్తున్నాను. చదివే లక్ష్యం పూర్తయింది గానీ, మళ్లీ పెట్టుకోలేదు.

నెలకి రెండు పుస్తకాలంటే పెద్ద భారమేమీ కాదు. మెట్రోలో పోనూ రానూ చదివినా అయిపోతాయి. చిక్కంతా లెక్కతోనే. యాప్‌కి అరవై పేజీల కవితా సంపుటీ ఒకటే, వెయ్యి పేజీల ‘వేయిపడగలు’ కూడా ఒకటే. కాస్త వెనకబడితే చాలు, అనుకున్నదానికంటే రెండు పుస్తకాలు వెనక ఉన్నారని చూపిస్తుంది. అది చూశాక ఎవరికైనా చెయ్యి సన్న పుస్తకం మీదికే పోతుంది. బీరువాలో లావుపాటి నవలలు కదలకుండా ఉండిపోయాయి. నాటికలు, కవితలు, కథల సంపుటాలు మాత్రం గబగబా అయిపోయాయి. కవిత్వాన్ని టార్గెట్ కోసం చదవడమంత అన్యాయం ఇంకోటి ఉండదు. ఇంకో బాధ, నచ్చని పుస్తకాన్ని వదలబుద్ధి కాదు. వంద పేజీలు చదివి పక్కన పడేస్తే లెక్కలోకి రాదాయె! అంకె లేకపోతే కొన్నింటిని ముప్పయ్యో పేజీ దగ్గరే మూసేసేదాన్ని.

తెలుగు చదివేవాళ్లకి యాప్‌తో వేరే తలనొప్పి ఉంది. చాలా పుస్తకాలకి పేజీల సంఖ్య ఉండదు. ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకచోట, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఇంకోచోట కనిపిస్తుంది. పాతవైతే మనమే చేర్చుకోవాలి. ఆ పాతవి దొరికే చోటు మాత్రం బ్రహ్మాండం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో బోలెడున్నాయి, పైసా ఖర్చు లేదు. ఆరంగుళాల ఈ-రీడర్లో తెరిస్తే వత్తులు చీమల్లా కనిపిస్తాయి. పది అంగుళాల ట్యాబ్ ఉంటే హాయిగా చదువుకోవచ్చు.

చదువుకి నిజంగా పనికొచ్చింది పెన్సిల్. పుస్తకం వెనకట్ట లోపల పేజీ నంబరు వేసి, అక్కడేం నచ్చిందో నాలుగు ముక్కలు రాసుకోవడం. డిసెంబర్లో యాప్ చూపించిన జాబితాలో కొన్ని అట్టబొమ్మలు చూస్తే కథేమిటో కూడా గుర్తు రాలేదు. పెన్సిల్ రాతలున్నవి మాత్రం ఆ ముక్కలు చదవగానే మనుషులతో సహా తిరిగొచ్చాయి. లైబ్రరీ పుస్తకమైతే లోపల చీటీ పెట్టుకుంటాను. (హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కూర్చుని నవల చదువుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది. అయినా అంత శ్రద్ధగా నాకు ఇంట్లో ఎప్పుడూ చదువు సాగలేదు.)

ఇక రాత. మొదట రోజుకిన్ని పదాలని అనుకున్నాను. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి నానోరైమో అనే, నెల రోజుల్లో నవల రాసే సవాలు అలవాటు చేసిన కొలత అది. నవంబర్ నెలలో 50,000 పదాలు, అంటే రోజుకి సుమారు 1,667. 1999లో మొదలైన ఆ సవాలుని నడిపే సంస్థ 2025లో మూతపడింది, అది వేరే సంగతి. ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలు పట్టేది మనకి ఒక్క క్రియలో ఇమిడిపోతుంది కాబట్టి ఆ అంకెలు మనకి అతకవు. అందుకే పేజీ లెక్క పెట్టుకున్నాను. ఫోన్లో వాయిస్ టైపింగ్ కూడా వాడి చూశాను. మాటలు బాగానే పడుతున్నాయి గానీ, వాక్యం నాది కానట్టు ఉంటోంది.

నా డైరీలో ఒక్కో పేజీకి పైన తిథి, నక్షత్రం, రాహుకాలం, కింద గీతలు. శని, ఆదివారాలకి కలిపి ఒకటే పేజీ. రాయడానికి తీరిక దొరికే రెండు రోజులకీ సగం సగం చోటన్నమాట, ఈ డిజైన్ ఎవరిదో గానీ! కాగితం పల్చన, జెల్ పెన్ను అవతలి వైపు దిగుతుంది, బాల్ పెన్నే గతి. అసలు లోపం తేదీలతో. జ్వరమొచ్చి వారం మానేస్తే ఆ వారం ఖాళీ పేజీలు ఎదురుగా ఉండి టెన్షన్ పెడతాయి. తేదీ మనమే వేసుకునే రూళ్ల లాంగ్ నోట్‌బుక్‌కి ఆ గోల లేదు. ఏప్రిల్ తర్వాత దాంట్లోకే మారిపోయాను.

రాసినవాటిలో ఎక్కువ భాగం చెత్తే. కానీ ఆ చెత్తలోనే సరుకు దొరుకుతుంది. ఆగస్టులో ఒక పేజీ ‘ఇవాళ ఏమీ తోచడం లేదు’ అని మొదలై, పేజీ నింపడానికి రైతుబజారు లెక్కలోకి దిగింది. బెండ, దొండ, పచ్చిమిర్చి, గేటు దగ్గర బోర్డు మీద రాసిన ధర, లోపల అడిగిన ధర, పావుకిలో తూచి పైన రెండు కాయలు వేసిన ముసలామె వేళ్ల మధ్య అంటుకున్న మట్టి. రెండు నెలల తర్వాత ఒక కథ రాస్తుంటే అందులో తల్లి పాత్రకి ఆ వేళ్లే వచ్చాయి. మూడ్ వస్తే రాద్దామని కూర్చుంటే ఆ పేజీ ఉండేది కాదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో పేజీ కూడా ఎక్కువే, ఐదు గీతలు చాలు. చదువుకి అంకె తప్పనిసరి అనుకుంటే పుస్తకాల లెక్క కాకుండా పేజీల లెక్క పెట్టుకోండి. రోజుకి 20 అంటే ఏడాదికి 7,300 పేజీలు, లావు నవలలకీ చోటుంటుంది. డిసెంబర్లో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లేవాళ్లు మాత్రం కొనడానికి కూడా విడిగా ఒక లక్ష్యం పెట్టుకోవాలి, పైహద్దుతో.